ఎక్కడివక్కడే ఉంటాయి

ఆరో అంతస్తు,
ప్రచార విభాగం.

అక్కా,

కంప్యూటర్ల కంపెనీలో కూర్చుని కాగితం మీద ఉత్తరం రాస్తున్నాడేమిటి వీడు అని నవ్వకు. ఇక్కడ మేం పంపే ప్రతి మెయిలూ పై అంతస్తులో ఎవరో చదువుతారు. కొత్త సిస్టం విడుదలయ్యేదాకా బయట నోరు విప్పకూడదని అందరి చేతా సంతకాలు పెట్టించుకున్నారు. కాగితం సంగతి మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు.

సిస్టం అంటే ఏమిటో నీకు చెప్పేదేముంది! మీట నొక్కగానే లేచి మెషీన్ మొత్తాన్ని నడిపించేది, నీ కొట్లో నువ్వు రోజుకి పదిసార్లు తిట్టేది. ఇప్పుడు దానికి కొత్త బట్టలు తొడుగుతున్నాం. లోపల ఏం మారిందో నాకు సరిగ్గా తెలియదు. తెలుసుకోవడం మా విభాగం పని కాదట. అది లేచేటప్పుడు వినిపించే మోత మాత్రం నాలుగు రోజులు విన్నాం. మూడు సెకన్ల మోత, నూట పన్నెండు రకాలు! ఒక్కోటి వింటున్నప్పుడు మేం మొహాలు ఎలా పెట్టామో రాసుకోవడానికి ఇంకొకతను.

మా పెద్దాయనకి నేను చప్పట్లాయన అని పేరు పెట్టాను. ఎవరు ఏం మాట్లాడినా చివర అందరూ చప్పట్లు కొట్టాలి. మొన్న ఒకావిడ లేచి జ్వరంగా ఉంది, ఇంటికి వెళతానంది. దానికీ కొట్టాం.

నాకు అప్పగించింది ఒకే ఒక్క వాక్యం. డిస్కు పెట్టి అమ్మే అట్టపెట్టె మీద ఉండాల్సిన వాక్యం. కొత్తది ఎక్కిస్తే పాతవి పోతాయేమోనని జనానికి భయమట. ఆ భయం పోగొట్టాలి. ఇరవై మూడు రాశాను, ఇరవై మూడూ చెత్తబుట్టలో పడ్డాయి. "వీటిలో అమ్మ లేదు" అన్నాడు చప్పట్లాయన. ఎవరి అమ్మ అని అడగబోయి నోరు మూసుకున్నాను. రెండేళ్ళు ఉద్యోగం లేక నీ కొట్లో స్క్రూలు ఏరుకున్నవాణ్ణి. ఈ వాక్యం కుదరకపోతే మళ్ళీ స్క్రూలే.

నీ తమ్ముడు

*

రిపేరు కొట్టు,
ఎలక్ట్రిక్ సామాన్ల దుకాణం వెనక.

ఒరేయ్ చిన్నోడా,

జ్వరానికి చప్పట్లు కొట్టారా? నవ్వలేక చచ్చాను. చేతిలోంచి సోల్డరింగ్ ఐరన్ జారి బల్ల మీద ఇంత మచ్చ పడింది. అది నీ పేరున ఉంటుంది.

మీవాళ్ళు నాకొక అట్టమనిషిని పంపారు. నిలువెత్తు మనిషి, ముప్ఫై రెండు పళ్ళూ బయటపెట్టి, 'వస్తోంది!' అని రాసిన పలక పట్టుకున్నాడు. ఏం వస్తోందో రాయలేదు. నా కొట్టు ఎంత, వాడెంత? తలుపు వారగా నిలబెడితే వచ్చినవాళ్ళు వాడికి నమస్కారం పెట్టి, నన్ను పనిమనిషి అనుకుంటున్నారు. ఇక లాభం లేదని గోడ వైపు తిప్పేశాను. ఇప్పుడు వాడి వీపు చూడాల్సి వస్తోంది. అదే నయం.

బూట్ల మేస్త్రి నిన్ను అడిగాడు. మరిచిపోలేదుగా? వెనక సందులో, పుట్టుకతో పాదాలు వంకర పోయిన పిల్లలకి బూట్లు కుట్టే ఆయన. మరిచిపోతే చంపేస్తాను. నువ్వు ఖాళీగా ఉన్న రోజుల్లో ఆ పిల్లల పాదాల గీతలన్నీ కూర్చుని ఆయన కంప్యూటర్లోకి ఎక్కించింది నువ్వే. ఒక్కో పిల్లకీ ఏడాదికి రెండుసార్లు కాలు కాగితం మీద పెట్టించి చుట్టూ పెన్సిల్‌తో గీసిన గీతలు, పద్నాలుగేళ్ళవి. ఎక్కించిన తర్వాత ఆ కాగితాలు చెమ్మ పట్టి ముద్దయిపోతే పారేశాడు. ఇప్పుడున్నవి ఆ మెషీన్లోనే. పాత గీత పక్కన పెట్టి చూస్తేనే కాలు ఎటు తిరుగుతోందో తెలుస్తుందట. చూడకుండా కుడితే బూటే కాలిని ఇంకా వంచేస్తుందట. "మా చిన్న సారు పుణ్యమా అని అన్నీ ఒక్కచోట ఉన్నాయమ్మా" అంటుంటాడు. నువ్వు సారువిరా ఆయనకి!

నీ వాక్యం కుదురుతుందిలే. కుదరకపోతే మాత్రం కొంపేం మునిగింది, స్క్రూలు ఇక్కడే ఉన్నాయి. బల్ల పైన గోడ మీద నువ్వు రాసిన అక్షరాలూ అలాగే ఉన్నాయి: 'ముందు నకలు, తర్వాతే చెయ్యి.' ఎవరి మెషీన్ ముట్టుకున్నా లోపలున్నవాటికి ముందు నకలు తీస్తాను. ఇరవై ఏళ్ళలో ఒక్కసారీ తప్పలేదు.

అక్క

*

ఆరో అంతస్తు,
ప్రచార విభాగం, కిటికీ పక్క.

అక్కా,

కుదిరింది! ఏమిటో ఇప్పుడే చెప్పను. పెట్టె నీ కొట్టుకి వస్తుంది, చూడగానే నీకే తెలుస్తుంది. నేను చదివి వినిపిస్తే చప్పట్లాయన కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత ఏం చేశామో నీకు తెలుసు. దాన్ని టీవీకి పాటగా కూడా కట్టిస్తున్నారు. నన్ను కిటికీ పక్కకి మార్చారు.

సంతోషంగానే ఉన్నాను కానీ, నిన్నటి సంగతి ఎవరికో ఒకరికి చెప్పకపోతే నాకు అన్నం దిగేలా లేదు. విడుదల రోజు ఉదయం దుకాణాల ముందు జనం బారులు తీరాలి కదా. అది అదృష్టానికి వదిలేస్తారా? మూడొందల మందిని కుదుర్చుకుని ఒక హాల్లో శిక్షణ ఇచ్చారు. ఆవలించడం ఎలా, ముందువాడి భుజం మీద తల వాల్చి కునకడం ఎలా, తలుపు తెరవగానే కేక పెట్టడం ఎలా. రిటైరైన బస్సు కండక్టరు ఒకాయన చెయ్యెత్తి, "ఇంతకీ లోపల ఏం అమ్ముతారు బాబూ?" అని అడిగాడు. "అది మీకనవసరం, మీరు సంతోషపడండి చాలు" అన్నాడు శిక్షకుడు. ఆ పెద్దాయన సరేనని తలూపి సంతోషపడ్డాడు అక్కా. నోరంతా తెరిచి, చేతులు పైకెత్తి, ఎనిమిది సార్లు. నేను బయటికి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చాను. వచ్చి, కేక ఇంకొంచెం గట్టిగా ఉండాలని నేనే చెప్పాను.

పరీక్షల విభాగం నుంచి ఒకావిడ కాగితాలు పట్టుకొచ్చి మా గదిలో పెద్ద గొడవ చేసింది, పెట్టె మీద ఇంకేదో కలపాలని. వాళ్ళకి ఎప్పుడూ ఏదో ఒక భయం. సర్ది చెప్పి పంపేశాం.

నీ తమ్ముడు

*

రిపేరు కొట్టు.

ఒరేయ్,

పెట్టె వచ్చింది. అరచేతంత డిస్కుకి ఇటుకంత పెట్టె. లోపలంతా గాలే. ఛీ, గాలిని కూడా అట్టలో కట్టి పంపుతున్నారు అనుకుంటూ తిప్పి చూశాను. చూసి అక్కడే స్టూలు మీద కూలబడ్డాను.

'ఎక్కడివక్కడే ఉంటాయి. కళ్ళు మూసి తెరవండి చాలు.'

అమ్మ మాట కదరా ఇది! నాన్న ఉద్యోగం పేరు చెప్పి ఎన్ని ఇళ్ళు మారాం! సామాన్లు కట్టే ప్రతిసారీ నువ్వు నీ రంగుపెన్సిళ్ళ డబ్బా కావలించుకుని, పోతాయి పోతాయని ఏడుస్తుంటే అమ్మ ఈ మాటే అనేది. నిద్ర లేచేసరికి కొత్త ఇంట్లో నీ డబ్బా, నా రిబ్బన్లు, గోడ మీద అద్దం, అన్నీ పాత ఇంట్లో ఎక్కడుండేవో సరిగ్గా అక్కడే. ఆవిడ ఎప్పుడు సర్దేదో, ఎప్పుడు పడుకునేదో. అమ్మ చేతుల్లో ఒక్క గుండుసూది కూడా పోలేదు.

మొదట ఒళ్ళు మండింది. అమ్మ మాట తీసుకెళ్ళి అట్టపెట్టె మీద వేస్తావా అని. ఆవిడ పోయి తొమ్మిదేళ్ళయింది, అడగడానికి కూడా లేదు. తర్వాత మళ్ళీ మళ్ళీ చదువుకున్నాను. చదివినకొద్దీ ఆవిడే వచ్చి కొట్లో నిలబడినట్టుంది. పోనీలే, వాడికి అమ్మ గుర్తుంది అనుకున్నాను.

ఇక అసలు సంగతి. పాత సిస్టంకి ఇకమీదట కంపెనీ సాయం ఉండదని మీవాళ్ళు పేపర్లో వేశారట. మేస్త్రి కంగారు పడిపోతున్నాడు, కొత్తది ఎక్కించమని రోజూ వచ్చి కూర్చుంటున్నాడు. మెషీన్ ఆరేళ్ళది, దాని లోపలి డిస్కు పీకల దాకా నిండి ఉంది. వచ్చే శనివారం డాక్టరమ్మ ఇరవై మంది పిల్లల్ని కొలతలకి తీసుకొస్తుంది. మధ్యలో ఏదన్నా అయిందంటే ఆయనకి చెయ్యి విరిగినట్టే. నువ్వు లోపలివాడివి. ఎక్కించమంటావా, వద్దంటావా? ఊఁ అనో ఊహూఁ అనో ఒక్క ముక్క రాయి చాలు.

అక్క

*

ఆరో అంతస్తు.

అక్కా,

తీరిక లేదు, నాలుగు ముక్కలు.

విడుదలైపోయింది. టీవీలో చూసే ఉంటావు. మొదటి పెట్టె కొన్నది ఆ కండక్టరే. కెమెరా ముందు నిజంగా కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఆయన ఇంట్లో కంప్యూటరే లేదు. బారులో నిలబడ్డ అందరి చేతికీ పెట్టెలిచ్చారు, వీధి మలుపు తిరగ్గానే వెనక్కి లాక్కుని మళ్ళీ దుకాణంలో పెట్టారు. ఆయన ఒక్కడే ఇవ్వనని గుండెలకి హత్తుకుని నిలబడ్డాడు. ఇద్దరు పట్టుకుని వేళ్ళు విడదీశారు. నేను పక్కనే ఉన్నాను. నవ్వు మొహంతో ఉన్నాను, మా బ్యాడ్జీ మీద నవ్వాలని రాసి ఉంది కాబట్టి.

మేస్త్రిగారి మెషీన్ సంగతి అడిగావు. పెట్టె మీద ఉన్నదే నా మాట అనుకో. ఆయన్ని అడిగానని చెప్పు.

నీ తమ్ముడు

*

రిపేరు కొట్టు.

తమ్ముడూ,

పోయాయి.

శుక్రవారం పొద్దున మేస్త్రి మెషీన్ మోసుకొచ్చాడు. ఆ మెషీన్లో ఉన్నవాటికి నకలు తీయాలంటే నా దగ్గరున్న సామానుతో రెండు రోజులు పడుతుంది. శనివారానికల్లా ఆయనకి తిరిగి కావాలి. గోడ మీద రాసింది చూశాను. పెట్టె మీద రాసింది చూశాను. రెండూ నీ రాతలే. ఇంకెవరి మాటైనా అయితే నకలు తీసేదాన్ని, శనివారం పని ఆగిపోయినా సరే. అమ్మ మాట అని నమ్మాను. పైగా నువ్వు వద్దనలేదు. నకలు తీయకుండా డిస్కు పెట్టాను.

సగం దాకా బాగానే పోయింది. తెర మీద పచ్చిక, నీలం ఆకాశం, ఎవడో పిల్లాడు పరుగెత్తడం. తర్వాత అక్కడే ఆగిపోయింది. గంట చూశాను. ఆపి మళ్ళీ పెడితే మీ మూడు సెకన్ల మోత మోగించుకుంటూ లేచింది, ఎంత శుభ్రంగా లేచిందో! లోపల ఏమీ లేదు. మేస్త్రి నా వెనకే నిలబడి ఉన్నాడు. "పిల్లలేరమ్మా?" అన్నాడు. గీతలేవీ అనలేదురా, పిల్లలేరీ అన్నాడు.

ఆ పగలూ రాత్రీ నాకు తెలిసిన విద్యలన్నీ చేశాను. నువ్వు మొదట్లో అన్నిటికన్నా పాత గీతలు ఎక్కించినప్పుడు తీసిన నకలు డిస్కులు అటక మీద దొరికాయి. ముప్ఫై ఒకటిలో తొమ్మిది తెరుచుకున్నాయి. వాటిల్లో ఉన్న పిల్లలు ఇప్పుడు పెద్దవాళ్ళయిపోయారు, ఆ గీతలు ఎందుకూ పనికిరావు. శనివారం ఇరవై మందీ వచ్చి బెంచీల మీద వరసగా కూర్చున్నారు. డాక్టరమ్మ ఒక్కొక్కరి పేరూ పిలుస్తోంది, మేస్త్రి ఖాళీ తెర వైపు చూస్తున్నాడు. తప్పు నాదేనని, నకలు తీయలేదని అందరి ముందూ చెప్పాను.

ఇలా ఎందుకయింది? మీవాళ్ళకి ముందే తెలుసా? నీకు తెలుసా? డొంకతిరుగుడు లేకుండా రాయి.

అక్క

*

ఆరో అంతస్తు,
ప్రచార విభాగం.

అక్కా,

జరిగినదానికి చాలా విచారిస్తున్నాను. లక్షల మెషీన్లలో ఎక్కించినప్పుడు ఎక్కడో ఒకటీ అరా ఇలా జరగడం సహజం. డిస్కు మరీ పాతదై ఉండొచ్చు, ఎక్కించేటప్పుడు కరెంటు హెచ్చుతగ్గులు వచ్చి ఉండొచ్చు. ఇలాంటివాటి కోసం మా సహాయ కేంద్రం ఉంది, నంబరు పెట్టె అడుగున ఉంటుంది. మేస్త్రిగారి ఓపికకి కృతజ్ఞతలు చెప్పు. ఆయన ఇబ్బంది మాకు చాలా ముఖ్యం.

నీ తమ్ముడు

*

రిపేరు కొట్టు.

నీ ఉత్తరం నీకే తిప్పి పంపుతున్నాను. ఇది నాకు రాసింది కాదు. మా ఇంట్లో పుట్టినవాడెవడూ ఇలా రాయడు. చదువుతుంటే రోత పుట్టింది, చేతులు కడుక్కున్నాను.

నీ సహాయ కేంద్రానికి కూడా ఫోన్ చేశాను. నలభై నిమిషాలు నీ పాట వినిపించారు. అమ్మ మాటకి తబలా వేశార్రా!

*

కింది అంతస్తు. ఇక్కణ్ణుంచి ఇదే ఆఖరు.

అక్కా,

తెలుసు. నాకు ముందే తెలుసు.

పరీక్షల విభాగం ఆవిడ వచ్చి గొడవ చేసిందని రాశాను కదా, ఎందుకో రాయలేదు. ఆరువందల మెషీన్లలో ఎక్కించి చూశారట. పాతవై, డిస్కు నిండుగా ఉన్న మెషీన్లలో పదిహేనింట్లో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోయింది. సరిచేయడానికి మూడు నెలలు కావాలి, విడుదల తేదీ మారదు. అందుకని ఆవిడ పెట్టె మీద ఒక్క వాక్యం కలపమంది. 'ముందు మీ వాటికి నకలు తీసుకోండి.' అంతే అక్కా. నీ గోడ మీద మాటే. ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి నీ మాట పట్టుకుని నా ముందు నిలబడింది.

చప్పట్లాయన నన్నడిగాడు, రెండు వాక్యాలూ ఉండొచ్చా అని. నన్నే అడిగాడు, ఎందుకంటే మొదటి వాక్యం నాది. "రెండోది ఉంటే మొదటిదాన్ని ఎవరూ నమ్మరు" అన్నాను. నా చేత్తో, నా పెన్నుతో దాన్ని కొట్టేశాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఆవిడ కాగితాలు సర్దుకుని వెళ్ళిపోయింది. నాకు కిటికీ పక్క సీటు ఇచ్చింది ఆ రోజే.

ఆ తర్వాత నీ ఉత్తరం వచ్చింది. పాత మెషీన్, నిండిన డిస్కు. ఆవిడ చూపించిన కాగితంలో ఉన్నట్టే రాశావు నువ్వు. ఊహూఁ అని రాయడానికి ఎంతసేపు పడుతుంది? పెన్ను పట్టుకుని కూర్చున్నాను. వద్దంటే ఎందుకంటావు, ఎందుకో చెబితే కొట్టుకి వచ్చిన ప్రతివాడికీ చెబుతావు, చివరికి నా పేరు బయటికొస్తుంది. నీళ్ళు నమిలాను. అక్క ఎలాగూ నకలు తీస్తుందిలే అని నాకు నేను చెప్పుకున్నాను. ఇరవై ఏళ్ళలో ఒక్కసారీ తప్పని నువ్వు నా వల్ల తప్పుతావని ఊహించలేదు.

నన్ను నేను చూసుకుంటే అసహ్యంగా ఉంది. ఆ పిల్లల పాదాలు ఒక్కొక్కటీ నేనే కదా ఎక్కించింది. కొందరివి ఇప్పటికీ గుర్తున్నాయి. ఎడమ కాలి బొటనవేలు లోపలికి తిరిగిన పాప ఉండాలి, ప్రతి గీతలోనూ గిలిగింతకి కాస్త వణికిన చోటు ఉండేది. అది కూడా నేనే తుడిచేశాను.

దీనితో పాటు ఇంకో కాగితం పెట్టాను. మేస్త్రిగారి పేరున రాశాను, కింద నా సంతకం, నా ఉద్యోగం, తేదీ అన్నీ ఉన్నాయి. ఎవరికి చూపించినా నాకు అభ్యంతరం లేదు. ఇలాంటిదే ఒకటి పరీక్షల ఆవిడకి ఇచ్చాను, ఇంకోటి చప్పట్లాయన బల్ల మీద పెట్టాను. మధ్యాహ్నానికి నన్ను కిందికి తీసుకొచ్చి బ్యాడ్జీ తీసుకున్నారు. దిగేటప్పుడు మా విభాగం వాళ్ళంతా లిఫ్టు దాకా వచ్చి వరసగా నిలబడి చప్పట్లు కొట్టారు. చప్పట్లాయన చెప్పే ఉంటాడు. కోపంగా కూడా కాదు, అలవాటుగా కొట్టారు.

నీ తమ్ముడు

*

రిపేరు కొట్టు.

చిన్నోడా,

నీ కాగితం మేస్త్రికి చదివి వినిపించాను. రెండుసార్లు చదవమన్నాడు. మడిచి, దారపు ఉండలుండే సొరుగులో పెట్టుకున్నాడు. "ఆ అబ్బాయి గీతలు ఎంత చక్కగా ఎక్కించాడమ్మా, ఒక్కటీ వంకర పోలేదు" అన్నాడు. అంతే. తిట్టి ఉంటే నాకు కాస్త ఊపిరాడేది.

మరుసటి శనివారం నుంచి మళ్ళీ మొదలుపెట్టాం. డాక్టరమ్మ చెప్పింది, ఒక్కో కాలికీ కనీసం నాలుగు గీతలు పోగవ్వాలట, అంటే ఏడాదిన్నర. అప్పటిదాకా అంచనా మీద కుట్టడమే. మొదటి జతలు ఇద్దరు పిల్లలకి పుండ్లు చేశాయి. గీసేటప్పుడు పాదం కదలకుండా పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి. నేను కొట్టు మూసి ఎంతకాలమని వెళ్ళగలను? నిన్ను క్షమించానని అనుకోకు. కోపం అలాగే ఉంది, నీ మొహం చూస్తే ఇంకా పెరుగుతుందేమో కూడా. అయినా రా. అట్టమనిషిని విరగ్గొట్టి ఆ అట్టల మీదే పిల్లల కాళ్ళు పెట్టించి గీస్తున్నాం. వాడి వల్ల జరిగిన మేలు ఇదొక్కటే. గీసిన ప్రతిదానికీ రెండు నకళ్ళు తీస్తున్నాను.

ఇంకొకటి చెప్పాలి. చెప్పకపోతే నీకు తెలియదు.

నువ్వు రాసిన పాప, ఎడమ బొటనవేలు లోపలికి తిరిగిన పాప, నిన్న వచ్చింది. ఏడేళ్ళొచ్చాయి. పన్నెండు గీతలు పోయాయి దానివి. అట్ట మీద కాలు పెట్టమంటే పెట్టదు. "నా పాతవన్నీ ఏవి? అవి వస్తేనే పెడతా" అని మొండికేసింది. కళ్ళల్లో నీళ్ళు. అచ్చం రంగుపెన్సిళ్ళ డబ్బా పట్టుకుని నువ్వు ఏడ్చినట్టే. దగ్గరికి తీసుకున్నాను. ఏడ్చే పిల్లలకి చెప్పడానికి నాకు వచ్చింది ఒకటే మాట కదా. అబద్ధమని తెలిసి కూడా అదే నోటికొచ్చింది. "ఎక్కడివక్కడే..." అన్నాను.

అంతే, పిల్ల ఏడుపు ఆపేసి మొహమంతా వెలిగిపోతూ మిగతాది పాడేసింది. టీవీలో పాడినట్టే, చేతులు తిప్పుతూ. బెంచీ మీద వరసగా కూర్చున్న పిల్లలందరూ అందుకున్నారు. ఇరవై మందీ, కట్టు కట్టిన కాళ్ళు ఊపుకుంటూ, చివరి మూడు సెకన్ల మోతతో సహా. మేస్త్రి తలెత్తలేదు. వంగి గీసుకుంటూనే ఉన్నాడు.

పొద్దుటి నుంచి పని చేసుకుంటూ, అమ్మ ఆ మాట ఎలా అనేదో గుర్తు తెచ్చుకుందామని చూస్తున్నాను. ఆవిడ గొంతు రావడం లేదురా. ఆ పాటే వస్తోంది.

అక్క